గరిక మైదానములు, గజ్వేలు చిన్నది



గతమాసమున గజ్వేలునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె భర్త వంటిమామిడి మార్కెట్టులో కూరగాయల వర్తకము చేయుదురు. వారికి పండ్రెండేండ్ల కూతురు కలదు. ఆ చిన్నది దూరదర్శినిలో గాల్ఫు పోటీ నొకదానిని చూచి, నాటినుండి పెరటిలో వెదురుకఱ్ఱతో నిమ్మకాయలను కొట్టుచున్నదట. “అమ్మా, ఈ యాట మావంటివారికి గలదా? హైదరాబాదు పరిసరములందు మా పిల్లను కొనిపోదగిన మైదానమేది? సభ్యులముకాని మేము ద్వారము దాటవచ్చునా?” అని ఆమె ప్రశ్న. ఆమె అత్తగారు మాత్రము, “గడ్డిమీద కట్టె వట్టుకొని తిరుగుటానికి పైసలిచ్చుడేంది బిడ్డా?” అని నవ్వుచున్నారట.

వంటలు, కుట్టుపనులు, శిశుపోషణము వ్రాయు ఈ శీర్షికలో గాల్ఫు మాటయేల యని కొందరనుకొనవచ్చును. ఆడపిల్ల యొక కోరిక కోరినప్పుడు “అది మనది కాదు” అని చెప్పుటకు ముందు, అది నిజముగా మనది కాదా యని విచారించుట తల్లుల ధర్మము. ఆ విచారణకే మేమొక గురువారమునాడు గజ్వేలు పోయి, ఆ ముగ్గురను వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. విశాలమైన పచ్చికబయలులో పదునెనిమిది గుంట లుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇంచుమించు మన యింటి చెంబు మూతియంత. బంతి బరువు 46 గ్రాములకు మించదు. దూరమునుండి కఱ్ఱతో బంతిని కొట్టుకొనుచు గుంటలో వేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. పొదుపునకు బహుమాన మిచ్చు ఆట గనుక గృహిణులకు దీని నీతి సులభముగనే బోధపడును. మన పల్లెలలో పిల్లలాడు చిర్రగోనె, గోలీలు తెలిసినవారికి ఇందు అపరిచితమైన దేమియు లేదు. ఒకదానిలో దెబ్బ యున్నది, వేరొకదానిలో గుంట యున్నది. ఇందు రెండును గలవు.

ఈ యాటలో మాకు మిక్కిలి నచ్చినది హాండికాపు అను పద్ధతి. నేర్పు తక్కువైనవారికి ముందే కొన్ని దెబ్బలు మినహాయింపుగా నిత్తురు. అందువలన నిన్న నేర్చిన కోడలును, ఇరువదియేండ్లుగా నాడుచున్న మామగారును సమానముగా పోటీపడవచ్చును. స్త్రీలు మొదటి దెబ్బ కొట్టుటకు గుంటకు కొంత దగ్గరగా వేరు స్థలముండును. పదునెనిమిది గుంటలు ముగియునప్పటికి ఏడెనిమిది కిలోమీటర్ల నడక యగును. పరుగు లేదు, తోపులాట లేదు. మోకాళ్ళ నొప్పులు రాకమున్నే నడక యలవరచుకొనవలెనను నడివయస్సు స్త్రీలకిది మంచి వ్యాయామము.

ఇక ప్రయాణము. ప్రజ్ఞాపురము కూడలివద్ద రాజీవ్ రహదారి నందుకొని, వంటిమామిడి, శామీరుపేట చెరువు దాటి సికింద్రాబాదు చేరితిమి. 2023 అక్టోబరునుండి సిద్దిపేట, సికింద్రాబాదుల నడుమ గజ్వేలు మీదుగా రైలును నడచుచున్నది. ఒంటరిగా వచ్చు స్త్రీలు రాకపోకల వేళలు ముందుగా కనుగొని దాని నుపయోగించుకొనవచ్చును.

సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యమువారి గాల్ఫు మైదానమొకటి కలదు. అది సైన్యమువారి భూమి. అచ్చట భద్రతానియమము లుండుట సహజము, న్యాయమును. ఇంటివారెవరైన సైన్యమున నున్న సోదరీమణులు దానిని విచారింపవచ్చును. తక్కినవారికై వెదకు మేము దానిని విడిచి గోలకొండకు పోతిమి.

గోలకొండకోట నెల్లరు నెఱుగుదురు గాని, దాని కీశాన్యమున నున్న నయాఖిల్లాను చూచినవారు తక్కువ. 1656లో మొగలుల ముట్టడి జరిగిన పిమ్మట అబ్దుల్లా కుతుబ్‌షా ఈ భాగమును గోడలోనికి కలిపి కోటను బలపరచెను. హైదరాబాదు గాల్ఫు సంఘమువారి పదునెనిమిది గుంటల మైదానమున్న దిచ్చటనే. ఒకవైపు బురుజులు, ఒకవైపు ముల్లాఖయాలీ మసీదు, నడుమ పచ్చిక. “హతియాన్ కా ఝాడ్” అను ప్రసిద్ధమైన ఆఫ్రికా వృక్షము సైత మిక్కడనే కలదు. దాని మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు పైమాట. వయస్సు సుమారు నాలుగువందల యేండ్లని చెప్పుదురు. అత్తగారు దానిని చూచి చెంగు తలమీదికి లాగుకొని నమస్కరించినారు.

చూపునకింత రమ్యమైన మైదానము మన ప్రాంతమున వేరొకటి లేదు. నేల యెగుడుదిగుడు తక్కువగా నుండుటచే నడచుటకు సుఖము. అయినను ఒక మాట చెప్పకతప్పదు. చారిత్రకమైన కోటభూమిలో ఆటస్థల ముండవచ్చునా యను వాదము పత్రికలలో చాలకాలమునుండి కలదు. కోట ప్రజలది. చెట్టును, మసీదును చూడవచ్చు సామాన్యుల త్రోవకు ఆట అడ్డము కారాదని మా యభిప్రాయము. త్రోవ తెఱచియుండినచో రెండును కలిసి బ్రదుకవచ్చును.

అచ్చటినుండి గచ్చిబౌలి వైపున నున్న బౌల్డర్ హిల్స్ మైదానమునకు పోతిమి. ప్రభుత్వము వారు దీర్ఘకాలపు కౌలు కిచ్చిన భూమిలో నిది వెలసినది. ఇదియు పదునెనిమిది గుంటలదే. పీటర్ హారడైన్ అను ప్రసిద్ధుడు దీనిని రూపొందించెను. రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటి నల్లరాతిగుండ్ల నడుమ పచ్చికను పఱచినారు. నగరము పెరుగుకొలది మన దక్కను గుండ్లు కంకరయై పోవుచున్న ఈ దినములలో, ఇన్ని గుండ్లు ఉన్నచోటనే నిలిచియుండుట సంతోషము. నేల మిట్టపల్లములుగా నున్నది గనుక క్రొత్తగా నేర్చువారికి గోలకొండకంటె కష్టము. చేయి తిరిగినవారికి ఎక్కువ రుచి. సదుపాయములు నగరపు ధనికుల యలవాటునకు తగినట్లున్నవి. మా గజ్వేలు సోదరి మాత్రము అచ్చట కుర్చీ అంచుననే కూర్చుండినారు.

ఈ రెండింటను అభ్యాసమునకు వేరుస్థలము కలదు. దానిని డ్రైవింగు రేంజి అందురు. ఉన్నచోటనే నిలిచి బంతులను వరుసగా కొట్టుటయే అచ్చటి పని. కాని మైదానములో ఆడుటకు మొదటి హక్కు సభ్యులదే. ఇతరులు ఏ దినమున, ఏ వేళను, ఎంత రుసుముతో ఆడవచ్చునో ముందుగా అడిగి తెలిసికొని పోవలెను. ఆ నియమములు మారుచుండును గనుక మేమిక్కడ అంకెలు వేయుట లేదు. పురపాలకులే ప్రజలకొఱకు నడుపు మైదానము మాత్రము మాకు హైదరాబాదు చుట్టుపట్ల కనబడలేదు.

ఇక్కడ మా యనుభవ మొకటి చెప్పెదము. చాలయేండ్ల క్రిందట వేరొక రాష్ట్రమున ఒక క్లబ్బు మైదానమును చూడబోతిమి. ద్వారముకడ నున్న ఉద్యోగి మర్యాదగనే, “మీరు ఏ సభ్యులవారమ్మా?” అని యడిగెను. ఎవరివారమును కాము, చూడవచ్చితిమి అంటిమి. “అయ్యగారు వచ్చినప్పుడు వారితో రండి” అనెను. అతని దోషము లేదు. అతడు నియమమును చెప్పినాడు. కాని ఆ ప్రశ్న నేటికిని మాకు ముల్లువలె గ్రుచ్చుకొనును. ఫలానివారి భార్య, ఫలానివారి కూతురు అయిననే స్త్రీ లోనికి పోవలెనా? నాటినుండి బహిరంగస్థలమునకు మాకొకటే గుర్తు. ద్వారముకడ “నీవెవరిదానవు?” అని యడుగక, “ఏమి కావలెనమ్మా?” అని యడుగునదే బహిరంగస్థలము.

అట్టి స్థలము లుండవచ్చునా యనినచో, ఉన్నవి. ఢిల్లీలో లాడోసరాయివద్ద కుతుబ్ గాల్ఫు మైదానమును ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు సామాన్యులు రుసుము చెల్లించి ఆడుకొనుటకే నెలకొల్పినారు. ఈ యాటకు పుట్టినిల్లనదగిన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణములో, జగత్ప్రసిద్ధమైన పాత మైదానము నేటికిని ప్రజల సొత్తే. ఆదివారమునాడు సాధారణముగా ఆట నిలిపివేయుదురు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికపై విహరింతురు.

ఆ యూరి స్త్రీల కథ మనము వినదగినది. ఆ కాలమున స్త్రీ తన కఱ్ఱను భుజము మీదికెత్తి కొట్టుట మర్యాద కాదనెడివారు. మెల్లగా బంతిని గుంటలోనికి దొర్లించుట మాత్రము వారికి తగుననిరి. సరే యని వారు 1867లో తమకొక సంఘము నేర్పరచుకొని, మిట్టపల్లములుగా నున్న చిన్న పచ్చికపై ఆ దొర్లించు ఆటనే ఆడసాగిరి. ఆ పచ్చికకు హిమాలయములని పేరు. అది నేడు స్వల్పరుసుముతో ఎవరైన ఆడదగిన స్థలము. 1754లో పుట్టిన ఆ యూరి పురుషుల క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు సమ్మతించినది 2014లో! ఆ లోపల స్త్రీలు ఊరకుండక, తమ చిన్న పచ్చికను తామే కాపాడుకొనిరి.

మన దేశపు నిదర్శనము మరింత దగ్గర. బెంగుళూరి అదితి అశోక్ ఐదేండ్ల ప్రాయమున ఈ యాటకు వచ్చినది. తల్లిదండ్రులును అంతకు ముందు ఆ యాట యెఱుగనివారే. 2016లో రియో ఒలింపిక్సులో ఆమె ఆడినప్పుడు తండ్రి కఱ్ఱలసంచి మోసినారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో తల్లి మోసినారు. ఆ టోక్యోలో ఆమెకు నాలుగవ స్థానము వచ్చినది. ఒక్క దెబ్బలో పతకము తప్పినది. ఆ తల్లి మోసిన సంచిని తలచుకొన్నప్పుడెల్ల మాకు కన్నులు చెమర్చును.

ఇక మా గజ్వేలు సోదరికిని, ఆమెవంటి తల్లులకును మా సలహా. మొదటనే కఱ్ఱల నన్నింటిని కొనకుడు. పోటీలో పదునాలుగు కఱ్ఱలవరకు పట్టుకొనవచ్చును గాని, నేర్చువారికి రెండు మూడు చాలును. అభ్యాసస్థలమున అద్దెకు దొరకునేమో యడుగుడు. పిల్లలకు పొట్టికఱ్ఱలే కావలెను. పెద్దవారివి నఱికి యిచ్చినచో బరువు కుదరదు. మెడపట్టీ గల చొక్కాయు, మెత్తని అడుగు గల బూట్లును అవసరము. చీరయో, పంజాబీ దుస్తులో ధరించి ఆడనిత్తురా యని సంకోచింపక అడుగుడు. శనిఆదివారములు విడిచి తక్కిన దినములలో పొండు. పిల్లలకు రుసుములో తగ్గింపు కలదా, స్త్రీశిక్షకురాలు కలదా, స్త్రీలకు వేరు మరుగుదొడ్డి దగ్గరలో కలదా యను మూడు ప్రశ్నలు తప్పక అడుగుడు. మూడవ ప్రశ్నకు సరియైన జవాబు లేనిచో, ఎంత పచ్చని మైదానమైనను ఆడపిల్లకది ఎడారియే.

నెలకొకసారి నగరమునకు పోయి దెబ్బ నేర్పించుడు. తక్కిన దినములు పెరటిలో గుంట త్రవ్వి దొర్లింపనిండు. ఆటలోని దెబ్బలలో ఇంచుమించు నలుబదిపాళ్ళు ఆ దొర్లించుటలోనే పోవునని ఆటవారందురు. దానికి ఎకరములు అక్కఱలేదు.

ఈ మాట గజ్వేలు పెద్దలకును విన్నవించుచున్నాము. పదునెనిమిది గుంటల మైదానము మాకు కావలెనని మేమడుగము. దానికి నూరెకరములకు పైగా భూమియు, వేసవియంతయు నీరును కావలెను. 2020లో ప్రారంభమైన కొండపోచమ్మసాగరము కొఱకు మామిడ్యాల, బహిలంపూరు, తానేదారుపల్లి వాసులు ఇండ్లు వాకిండ్లు విడిచి కదలినారు. అంత వెలకు వచ్చిన నీటిని ఆటకు పోయుడనుటకు మాకు నోరాడదు. ఊరి ఉద్యానవనములో కళ్ళమంత చోటు, అందులో ఆఱు గుంటలు, నున్నగా కోసిన గరిక చాలును. అవును, ప్రపంచమున వేడిదేశముల మైదానములలో పెద్దయెత్తున పెంచు బెర్ముడా పచ్చిక యనునది మనము వినాయకునకు సమర్పించు గరికయే! నేల మనది, గడ్డి మనది. చోటు మాత్రము మనవారు ఈయవలెను.

తిరుగుప్రయాణమునకు ముందు గోలకొండలో నొక ముచ్చట జరిగినది. అభ్యాసపచ్చికపై చిన్నది పదిమార్లు బంతిని దొర్లించినను గుంటలో పడలేదు. కన్నులలో నీరు తిరిగినవి. అత్తగారు చెంగు బిగించి, “ఇటియ్యి బిడ్డా” అని కఱ్ఱనందుకొని, కల్లాపి చల్లునప్పటి వలె కొంచెము వంగి మెల్లగా తట్టినారు. బంతి తిన్నగా పోయి గుంటలో పడినది. ఒకనాడు గోలీలాడిన చేయి కదా! పైసలిచ్చుటేమని నవ్విన ఆమెయే, మరల ఎప్పుడు వత్తుమని దారిపొడవున అడుగుచువచ్చినారు.

మీ యూళ్ళలో ఆడపిల్లలు నిర్భయముగా ఆడుకొనదగిన చోట్లు ఏవి కలవో, ద్వారముకడ మిమ్ములను ఏమని యడిగిరో మాకు వ్రాయుడు. వాటిని ఈ శీర్షికలోనే ప్రకటింతుము.