కోతకి డబ్బులున్నాయి, కసరత్తుకి లేవు

ఆపరేషన్ లేకుండానే మోకాళ్ల నొప్పి మాయం అంటుంది ఒక హోర్డింగ్. ఆపరేషన్ అయిన మర్నాడే నడిపిస్తాం అంటుంది పక్కది. ఒకడు కత్తి అమ్ముతాడు, ఇంకొకడు కత్తి అంటే ఉన్న భయాన్ని అమ్ముతాడు. ఈ ఇద్దరి మధ్యా పనికొచ్చే వైద్యం ఒకటుంది. దానికి హోర్డింగ్ లేదు, ఎందుకంటే అందులో లాభం లేదు. నా కొట్లాట దాని తరఫున.

ముందు మన సంగతి మాట్లాడుకుందాం. పాతబస్తీ అనగానే మనకి ఇరానీ చాయ్, అత్తరు, ఇంత పాత గోడ, ఒక హకీం, ఒక పహిల్వాన్ గుర్తొస్తారు. తాలీంలో కుస్తీ పట్టిన చేతులతో విరిగిన ఎముకని సర్దే పెద్దమనిషి మన కథల్లో చాలా అందంగా ఉంటాడు. మన కాలు విరిగితే మాత్రం క్యాబ్ ఎక్కి బంజారాహిల్స్ వెళ్తాం. మనం వెళ్లని చోటికి వేరేవాళ్లు వెళ్లడాన్ని 'సంస్కృతి' అని మెచ్చుకోవడం ఏం మర్యాద?

అలాగని పహిల్వాన్‌ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే ఆధునికుల పక్షానా నేను లేను. బ్రిటిష్ ఆర్థోపెడిక్స్‌కి ఆద్యుడని చెప్పుకునే హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) తరతరాలుగా ఎముకలు కట్టే ఇంటి బిడ్డ. తండ్రి డిగ్రీ లేని కట్టువైద్యుడు. కొడుకు డాక్టరీ చదివాడు కానీ ఇంటి విద్య వదల్లేదు: కదలకుండా కట్టు, విశ్రాంతినివ్వు, తొందరపడి కోయకు. ఆయన చేసిన తొడ చీలిక, థామస్ స్ప్లింట్, మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల చావుల్ని బాగా తగ్గించింది. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టులోనూ సూత్రం అదే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎముకని అతికించేది పసరు కాదు, ఒంట్లోని జీవమే. బద్దలు దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. పిండికట్టు చేసే పనీ ఇదే కదా.

తేడా ఎక్కడొస్తుందంటే, ఎక్స్‌రే దగ్గర. ఎముక ఎటు జరిగింది, కీలు లోపలికి చీలిందా, నరం నలిగిందా అన్నది చేతికి అన్నిసార్లూ తెలియదు. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆగుతుంది, కండ చస్తుంది, చెయ్యి జీవితాంతం వంకర పోతుంది, ఒక్కోసారి తీసేయాల్సే వస్తుంది. వేళ్లు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరెక్కితే ఆ కట్టు అప్పటికప్పుడు విప్పాలని కట్టేవాడికీ కట్టించుకునేవాడికీ తెలియాలి. ఈ నాలుగు ముక్కలు నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది? సర్కారు పహిల్వాన్‌ని దొంగలా చూస్తుంది, మనం ఋషిలా చూస్తాం. మనిషిలా కూర్చోబెట్టి నేర్పేవాడే లేడు.

ఇప్పుడు చార్మినార్ పక్కకి రండి. ఏడో నిజాం కాలపు నిజామియా యునానీ దవాఖానా అక్కడే ఉంది. కీళ్ల నొప్పిని యునానీ 'వజా ఉల్ మఫాసిల్' అంటుంది. దానికి వాడే సురంజాన్ మొక్క జాతి నుంచే ఇవాళ్టి అల్లోపతి గౌట్ మందు కాల్చిసిన్ వచ్చింది. మోతాదు దాటితే అదే విషం. 'ఇలాజ్ బిత్ తద్బీర్' అనే విభాగంలో హిజామాతో పాటు దల్క్ అనే మర్దన, రియాజత్ అనే కసరత్తు కూడా చికిత్సలే. బజారుకి మాత్రం హిజామా కప్పులు మాత్రమే వచ్చాయి. కసరత్తు రాలేదు. వీపు మీద గుండ్రటి మచ్చలు ఫొటోలో కనిపిస్తాయి, మూడు నెలలు రోజూ కాలెత్తి దించడం కనిపించదు మరి!

'దేశీ' పొడులు అంతకన్నా ప్రమాదం. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. పేరు లేని పొట్లంలో స్టెరాయిడ్ కలిపి ఇచ్చే మోసం ఈ దేశంలో కొత్త కాదు. నెలల తరబడి మింగితే షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, తుంటి బంతికి రక్తం అందక అది కూలిపోతుంది. ఆపరేషన్ తప్పించుకుందామని మింగిన పొడే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుంది.

కార్పొరేట్ వాళ్లు ఇది చదివి నవ్వుకోనక్కర్లేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది అరిగిన మోకాళ్ల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. కొందరికి గొట్టం పెట్టి లోపల శుభ్రం చేశారు, కొందరికి ఊరికే చర్మం మీద గాటు పెట్టి కుట్టేశారు. రెండేళ్ల పాటు చూసినా నిజం ఆపరేషన్ ఉత్త గాటుని మించలేదు. ఇక కత్తి లేని ఆధునిక ఇంజెక్షన్ అని వేలకి వేలు గుంజే పీఆర్‌పీ సంగతి. ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత నొప్పిలోనూ మృదులాస్థిలోనూ ఉప్పునీటి సూదికి మించిన ఫలితమేమీ రాలేదు. హిజామా కప్పుని వెక్కిరించే నోరు పీఆర్‌పీ సూది ముందు ఎందుకు మూతపడుతుంది? ఏసీ గది ఉందనా?

మరి పనిచేసేది ఏది? 2015లో ప్రచురించిన ఒక పరీక్ష కోసం డెన్మార్క్‌లో మోకాలు మార్పిడికి అర్హులైన 100 మందిని తీసుకున్నారు. సగం మందికి ఆపరేషన్ చేసి, తర్వాత వ్యాయామం చేయించారు. మిగతా 50 మందికి ఆపరేషన్ లేకుండా 12 వారాల వ్యాయామం, బరువు తగ్గే సలహా, చెప్పుల్లో మెత్తలు, నొప్పి మాత్రలు ఇచ్చారు. ఆపరేషన్ అయినవాళ్లకి ఎక్కువ ఉపశమనం దొరికింది, ఆ మాట దాచను. తీవ్రమైన దుష్ఫలితాలూ వాళ్లకే ఎక్కువ. రెండో గుంపులో ఏడాదిలోపు ఆపరేషన్‌కి వెళ్లింది 13 మందే. పూర్తిగా అరిగిన మోకాలికి మార్పిడి వరమే, కాదనను. కానీ ఆ బల్ల దాకా వెళ్లే ముందు ఈ 12 వారాలు ఎవరికైనా దొరుకుతున్నాయా?

లాడ్‌బజార్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. గాజుకి గుర్తింపు దొరికింది, దాన్ని చేస్తూ నేల మీద గంటల తరబడి మోకాళ్లు మడిచి కూర్చునే మనిషికి ఏం దొరికింది? మగ్గం మీద జరీ కుట్టే ఆవిడకి 'కింద కూర్చోవద్దు' అని చీటీ రాసిస్తారు. కింద కూర్చోకపోతే ఆమెకి కూలీ లేదు. 'పొద్దున్నే నడవండి' అంటారు. ఎక్కడ నడవాలి, బైకులు దూరే ఆ గల్లీలోనా? ఒక ఎత్తు బల్ల, గంటకోసారి లేచే వీలు, ఆడవాళ్లు నిశ్చింతగా నడిచే మైదానం కూడా వైద్యమే. ఏ ఫార్మసీలోనూ దొరకవు.

డబ్బు లేదనే మాట నమ్మకండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. మంచిదే. కానీ ఆ డబ్బు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి మంచమెక్కినవాళ్లకి. మంచం ఎక్కకుండా ఉండటానికి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ కావాలంటే జేబులోంచే పెట్టుకోవాలి. 2018లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. గల్లీ చివర డాక్టర్ దొరకడం చిన్న విషయం కాదు. అక్కడే వారానికి రెండు పూటలు ఒక ఫిజియోథెరపిస్ట్‌ని కూర్చోబెట్టండి, ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడగలిగే మనిషిని. వీలైతే ఒక ఆడమనిషిని. ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో, కట్టు ఎప్పుడు విప్పాలో పహిల్వాన్లకి నేర్పండి. నిజామియాలో రియాజత్‌ని పుస్తకంలోంచి తీసి చాప మీదకి తెండి.

ఇదంతా చప్పగా ఉందంటారా? ఉంటుంది. తొడ కండని బలపరచడంలో కవిత్వం లేదు. అయినా పాతబస్తీకి మన కవిత్వం తక్కువైంది లేదు. తక్కువైంది ఒక చాప, ఒక బల్ల, ఓపిగ్గా కాలు పట్టుకుని 'ఇంకో పదిసార్లు ఎత్తమ్మా' అనే మనిషి.