పుట్ట కింద సేద్యం

దల్లీ రాజహరా గనుల్లో ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండి వంద కిలోమీటర్ల లోపే ప్రయాణించి భిలాయి ఉక్కు కర్మాగారం చేరుతుంది. 1959లో ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఖనిజం ఖనిజంగా ఎవరికీ పనికిరాదు. కొలిమిలో కరిగి మారితేనే దానికి విలువ. ఇలా ముడిసరుకు మోసుకొచ్చి, దాన్ని మార్చుకుని బతికే పద్ధతిని చీమలు కోట్ల ఏళ్ల కిందటే కనిపెట్టాయి.

ఆకు ముక్కలను గొడుగుల్లా ఎత్తిపట్టుకుని బారులు తీరి నడిచే చీమలను టీవీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఆకుకోత చీమలు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండవు. అవి మోసుకెళ్లే ఆకు వాటి తిండి కాదు. నేల కింద గదుల్లో ఆకును నమిలి ముద్ద చేసి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. ముఖ్యమైన మేత అదే. పెద్ద చీమలు కాపలా కాస్తాయి, మధ్య రకం ఆకు కోస్తాయి, చిన్నవి తోట చూసుకుంటాయి. మరీ చిన్నవి ఆకు ముక్కల మీద సవారీ చేస్తూ, మోసే చీమలను పరాన్నజీవి ఈగల నుంచి కాపాడతాయి. రాణి అన్నది పేరుకే. ఆమె గుడ్లు పెడుతుంది తప్ప ఆజ్ఞలివ్వదు. ఫోర్‌మన్ లేకుండానే షిఫ్టులన్నీ నడిచిపోతాయి. చీమల సేద్యం దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిదని 2024లో వెలువడిన జన్యు అధ్యయనం అంచనా వేసింది. మనిషి నాగలి పట్టి పదీ పన్నెండు వేల ఏళ్లకు మించలేదు.

ఆ చీమలు మన దగ్గర లేకపోయినా ఆ వృత్తి ఉంది. చేసేది చెదలు. చీమకు తేనెటీగ చుట్టమైతే, చెదకు బొద్దింక చుట్టం. పుట్టలు పెట్టేది చీమలని మన సామెతల్లో స్థిరపడిపోయింది గానీ, చేల గట్ల మీద కనిపించే ఎత్తయిన మట్టి పుట్టలు ఎక్కువగా చెదల కష్టమే. ఎండుగడ్డి, రాలిన ఆకు, పుచ్చిన కట్టె తిని, అరిగీ అరగని ఆ పదార్థాన్ని పుట్టలోపల స్పాంజిలాంటి దిబ్బగా పేరుస్తాయి. దాని మీద పెరిగే శిలీంధ్రం కట్టెలోని గట్టి పదార్థాన్ని విరగ్గొడుతుంది. అప్పుడు చెదలు దాన్ని తింటాయి. కలుపు కూడా తీస్తాయి. చెదలను తీసేసిన దిబ్బను కొద్ది రోజుల్లోనే మరో బూజు కమ్మేస్తుంది.

వానలు పడ్డాక ఆ శిలీంధ్రం పొడవాటి వేరులాంటి కాడ సాచి నేల పైకి వచ్చి విచ్చుకుంటుంది. అదే అసలు సిసలు పుట్టగొడుగు. మన భాష ఆ సంబంధాన్ని పేరులోనే దాచుకుంది. ఛత్తీస్‌గఢీలోనూ అంతే. అక్కడ పుట్టను భింభోరా అంటారు, దాని మీద మొలిచేది భింభోరా పుటూ. వానాకాలపు సంతల్లో పల్లె ఆడవాళ్లు దాన్ని కుప్పలు పోసి అమ్ముతారు. కూరగాయలకు అందని ధర పలుకుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగును షెడ్డులో గడ్డి మీద పండించవచ్చు. చెదల తోడు లేకుండా దీన్ని పంటగా పండించడం మాత్రం తేలిక కాలేదు. అంటే పుట్ట పోతే ఈ సంపాదనా పోయినట్టే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆకుకోత చీమల్లో కొత్త రాణి ఎగిరిపోతూ పుట్టింటి శిలీంధ్రపు ముక్కను నోట్లో పెట్టుకుని వెళుతుంది. మన చెదల్లో ఎక్కువ రకాలకు ఆ సారె లేదు. తొలి వానలకు ఉసుళ్లుగా ఎగిరి కొత్త కాపురం పెట్టినప్పుడు, మొదటి కూలి చెదలు బయటి నుంచి విత్తనం తెచ్చుకోవాలి. విచ్చుకున్న గొడుగు రాల్చే బీజాలే ఆ విత్తనం. అందుకే ఏరేవాళ్లు నాలుగైదు గొడుగులను విచ్చుకోనిచ్చి వదిలేస్తే మంచిది.

చెద శత్రువు కాదా అని అడిగితే, ఇంటి గుమ్మం దగ్గర శత్రువే. పుట్ట పెట్టే రకాలు చెరకును, గోధుమను కూడా వదలవు. అయితే ప్రపంచంలోని దాదాపు 3,000 రకాల చెదల్లో తీవ్ర నష్టం చేసేవి సుమారు వంద మాత్రమే. మిగతావి ఎండిన చెత్తను మట్టిగా మార్చి, నేలను గుల్ల చేసి, వాన నీటిని లోపలికి ఇంకనిచ్చే పనిలో ఉంటాయి. పునాదికి మందు కొట్టడం వేరు, ప్లాట్లు వేసేముందు కనిపించిన ప్రతి పుట్టనూ జేసీబీతో చదును చేయడం వేరు.

నాగుల చవితి నాడు మనం పాలు పోసేది పుట్టలో పాము ఉందని. ఆ పాము అద్దెకు వచ్చినదే. ఇల్లు కట్టిన రైతు మాత్రం మనకు మందు కొట్టేటప్పుడే గుర్తొస్తాడు. ఊరి చివర, చెట్టు కింద, ఎవరి తలుపుకూ గడపకూ దూరంగా ఉన్న పుట్టనైనా అలా ఉండనిస్తే, వచ్చే వానాకాలం సంతలో ఒకామె బుట్ట ఖాళీగా ఉండదు.