వృద్ధుల భోజనశాలలో యంత్రం చేయవలసిన పని



ఈ మధ్య మా నర్సింగ్ ఆఫీసుకు వచ్చే కుటుంబాలవారు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్, మా అమ్మ ఉంటున్న వృద్ధాశ్రమంలో భోజనాల గదిలో కెమెరా లేదు. ఆమె ఏం తింటుందో మాకెలా తెలుస్తుంది?" విదేశాలలో ఉన్న పిల్లలు కొందరు కెమెరాలు, ట్యాబ్‌లు తామే కొనిస్తామంటున్నారు. వారి ఆరాటం మాకు అర్థమవుతుంది. కన్నవారు తిన్నారో లేదో తెలియకపోతే పిల్లలకు ముద్ద దిగదు.

అయితే ఏ పరికరం ముందు కొనాలి, ఏది తరువాత అన్న విషయంలో మా అభిప్రాయం వేరు. గుర్తుపెట్టుకునే పని యంత్రానికి అప్పగించాలి. తినిపించే పని మనిషి చేయాలి. ఎవరికి ఏ మాత్ర, ఎవరికి ఏ పథ్యం అన్న లెక్క యంత్రం చూసుకుంటే, ఆయాకు ఒక పెద్దావిడ పక్కన పది నిమిషాలు కూర్చునే తీరిక దొరుకుతుంది. ఆ తీరిక ఇవ్వని యంత్రం ఎంత ఖరీదైనదైనా భోజనశాలకు అక్కర లేదు.

మాకు బుద్ధి చెప్పిన ఆదివారం

ఈ మాట మేము పుస్తకాలు చదివి చెప్పడం లేదు. మా ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న ఆశ్రమంలో ఒక ఆదివారం ఉదయం జరిగిన సంగతి ఇది. టిఫినుకు ముందు వేయవలసిన షుగరు మాత్రలు ఏడున్నరకు వేశాము. వంటగదిలో గ్యాస్ అయిపోయింది. ఇడ్లీలు వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఈలోగా ఒక పెద్దమ్మగారికి ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడింది. ఆరాధనకు తయారవుతున్న వారు నీరసమనుకున్నారు. గ్లూకోమీటరుతో చూస్తే షుగరు 52. ఇది 70 కంటే తగ్గితేనే ప్రమాదం. స్పృహ ఉంది, మింగగలుగుతున్నారు కాబట్టి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాము. దేవుని కృపవలన పావుగంటలో తేరుకున్నారు.

ఆ రోజు తప్పు మాదే. గ్యాస్ అయిపోయిన సంగతి మాకు తెలియదు, మాత్రలు వేసిన సంగతి వంటగదికి తెలియదు. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల వరండా మాత్రమే. ఆ మరునాటి నుండి వంటమనిషి ఫోను, డ్యూటీ సిస్టర్ ఫోను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాము. "టిఫిను సిద్ధం" అని వంటగది నుండి కబురు వచ్చిన తరువాతే మాత్రలు వేస్తాము. మా భోజనశాలకు వచ్చిన మొదటి సాంకేతిక సౌకర్యం ఇదే. దీనికి కొత్తగా పైసా ఖర్చు కాలేదు.

యంత్రం ఏవేవి గుర్తుపెట్టుకోవాలి?

నలభై మంది తినే చోట నలభై రకాల అవసరాలు ఉంటాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసి, కనీసం అరగంట ఆగి టిఫిను పెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కరలేదు గాని, ఒక వారం అసలు తినకుండా మరు వారం రోజూ తినకూడదు. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరుగారు చెప్పినవారికి అరటిపండు, కొబ్బరినీళ్ళు ప్రేమతో ఇచ్చినా హానే. ఇవన్నీ ఒక్క ఆయా మనసులో ఎలా నిలుస్తాయి? ఆమె సెలవు పెట్టిన రోజున ఎవరికి తెలుస్తుంది? అందుకే ప్రతి ఒక్కరికీ ఫొటోతో ఒక కార్డు తయారుచేసి ఫోనులో ఉంచాలి, ఒకటి గోడకూ అంటించాలి. కార్డు తెలుగులో ఉండాలి. వడ్డించేవారు చదవలేని భాషలో ఉంటే అది ఆఫీసు అలంకారమే.

మింగడంలో ఇబ్బంది ఉన్నవారి కార్డు మరింత జాగ్రత్తగా రాయాలి. పక్షవాతం వచ్చినవారికి చారన్నం తేలిక అని మనవారి నమ్మకం. చాలామందికి అదే కష్టం. మెతుకు నోట్లో ఉండగానే పలుచని చారు గొంతులోకి జారిపోతుంది, పొలమారుతుంది, ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా వస్తుంది. మెత్తగా, ఒకే తీరుగా మెదిపిన పెరుగన్నం వారిలో చాలామందికి నయం. ఎవరికి ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి 0 నుండి 7 వరకు అంచెలున్న అంతర్జాతీయ కొలమానం ఉంది. ద్రవాల చిక్కదనాన్ని 10 మి.లీ. సిరంజిలో పోసి, 10 సెకన్లలో ఎంత మిగిలిందో చూసి తేల్చవచ్చు. ఏ అంచె ఎవరికి సరిపోతుందో డాక్టరుగారు, స్పీచ్ థెరపిస్టు నిర్ణయించాలి. ఆ మెత్తదనం ఎలా ఉండాలో ఒక ఫొటో తీసి కార్డులో పెడితే వంటమనిషికి రోజూ సందేహం ఉండదు.

అన్నిటికంటే ముందు కొనవలసినది తూకం మిషను. నెలకొకసారి బరువు చూసి ఫోనులో రాయాలి. ప్రయత్నించకుండానే నెలలో నూటికి 5 వంతులు, లేక ఆరు నెలల్లో 10 వంతులు బరువు తగ్గితే అది వయసు కాదు, జబ్బు గుర్తు. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు అన్నమాట. చేతి గాజులు మోచేతి దాకా జారేవరకు ఆగకూడదు. తరువాత ఒక వంటగది థర్మామీటరు కొనాలి. 5 నుండి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి కనుక, వండినది వడ్డించేవరకు 60 డిగ్రీలకు పైగా వేడిగా ఉండాలి.

కెమెరా గురించి

కెమెరా కంచం పెట్టారని చూపిస్తుంది, తినలేదనీ చూపవచ్చు. ఎందుకు తినలేదో చెప్పదు. పళ్ళ సెట్టు వదులైందా, నోరు పూసిందా, మలబద్ధకమా, పక్క మంచం ఆమె నిన్న చనిపోయిందన్న దిగులా? పక్కన కూర్చుని అడిగినవారికే తెలుస్తుంది. పైగా తినేటప్పుడు వృద్ధులకు చొంగ కారుతుంది, మెతుకులు బట్టలమీద పడతాయి. ఆ దృశ్యం బంధువులందరి ఫోన్లలో తిరగడానికి మీ నాన్నగారు ఒప్పుకున్నారా? ముందు వారిని అడగండి.

దానికి బదులు వీడియో కాల్ చేయండి. ఇక్కడ ఉదయం ఎనిమిది గంటలంటే న్యూయార్క్‌లో కాలాన్నిబట్టి రాత్రి తొమ్మిదిన్నర లేక పదిన్నర. కొడుకు, మనవలు కళ్ళెదుట ఉంటే ఒక ఇడ్లీ తినేవారు రెండు తింటారు. మేము చూశాము. అయితే మింగడంలో ఇబ్బంది ఉన్నవారితో తినేటప్పుడు మాట్లాడించవద్దు, టిఫిను అయిన తరువాత చేయండి.

జపాన్‌లో తినిపించే యంత్రాన్ని 2002లోనే అమ్మకానికి తెచ్చారు. ఉప్పు తగ్గించినా ఉప్పదనం తెలిసేలా సన్నని విద్యుత్తుతో పనిచేసే చెంచా 2024లో వచ్చింది. చేతులు ఆడని మనిషికి తన ముద్ద తానే తినగలగడం గొప్ప గౌరవం. అలాంటివి మన దగ్గరకు వస్తే సంతోషమే. మనుషులను తగ్గించుకోవడానికి తెస్తే మాత్రం మేము ఒప్పుకోము.

కుటుంబాలకు మా మనవి

పుట్టినరోజుకు, పెండ్లిరోజుకు ఆశ్రమంలో బిర్యానీ, కేకు పంచాలనుకునేవారు రెండు రోజులు ముందు ఫోను చేయండి. షుగరు వారెందరు, మెత్తని భోజనం వారెందరు అన్నది కార్డులు చూసి ఐదు నిమిషాలలో చెబుతారు. మీ ప్రేమ అందరి కంచంలోకీ చేరుతుంది. ఆశ్రమానికి వెళ్ళినప్పుడు "కెమెరా ఉందా?" అనే ముందు "మా అమ్మ బరువు పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత?" అని అడగండి. జవాబు చెప్పగలిగిన ఆశ్రమం మంచి ఆశ్రమం. ట్యాబ్ కొనివ్వదలచినవారు ముందు తూకం మిషను ఉందో లేదో కనుక్కోండి.

బదరీచెట్టు క్రింద అలసి పడుకున్న ఏలీయా దగ్గరకు దేవుడు దూతను పంపిన సంగతి మీకు తెలుసు. దూత అతన్ని తట్టి లేపాడు, రొట్టె, నీళ్ళు చూపించాడు. అతడు కొంచెం తిని మళ్ళీ పడుకుంటే విసుగుకోలేదు, రెండోసారీ వచ్చి తట్టి లేపాడు. మన భోజనశాలలకు కావలసినది ఆ రెండోసారి వచ్చే ఓపిక. ఆ ఓపికకు సమయం మిగిల్చే పరికరం ఏదైనా దేవుని సహాయమనే మేము స్వీకరిస్తాము.

— నర్సింగ్ విభాగం తరఫున, నర్సింగ్ సూపరింటెండెంట్