దొంగ దొరికాడు సరే, పాట రాసినవాడి వాటా ఏది?

నిర్మాత ఫిర్యాదు అందిన 48 గంటల్లో పైరసీ లింకు మూతపడాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, ఆ నవంబరులోనే కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఈ పని కోసం 12 మంది నోడల్ అధికారులను కూర్చోబెట్టింది. కోర్టు గడప తొక్కే పని కూడా లేదు.

ఇదే దేశంలో పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు మా రాయల్టీ మాకివ్వండని అడిగితే ఎంతకాలం పట్టిందో తెలుసా? నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద హక్కు నిర్మాతదేనని 1977లో రచయితల, స్వరకర్తల సంఘం ఐపీఆర్‌ఎస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. జస్టిస్ కృష్ణయ్యర్‌గారు అదే తీర్పు చివర విడిగా నాలుగు మాటలు రాసి, గాయకుడికి ఏ హక్కూ లేకపోవడమేమిటని పార్లమెంటుకి గుర్తుచేశారు. రాయల్టీ విషయంలో పార్లమెంటు కదిలేసరికి 2012 మే నెల వచ్చింది. అంటే 35 ఏళ్లు. నిర్మాతకి 48 గంటలు, కళాకారుడికి 35 ఏళ్లు. కళాకారుడి కోసమే పైరసీ చట్టాలని ఎవరైనా నాతో అంటే ఈ రెండు అంకెలూ ముందు పెడతాను.

2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి వెళ్లి కమిషనర్ సజ్జనార్ పక్కన కెమెరాల ముందు కూర్చున్నారు. ఇటు మా ఉండి సెంటర్లో, ఆకివీడు టీకొట్ల దగ్గర కుర్రాళ్లు ఆ దొరికినవాణ్ణి దేవుణ్ణి చేసేశారు. నాకు రెండు చోట్లా ఒళ్లు మండింది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో ఆ సైటు సంపాదించిందనీ, యాభై లక్షల మంది వివరాలు అక్కడ పోగుపడ్డాయనీ పోలీసులే చెప్పారు. అదే నిజమైతే, ఊరికే సినిమా చూపించి మన పిల్లల్ని జూదం గుమ్మంలో దింపేవాడు దానకర్ణుడు ఎలా అవుతాడ్రా? పేదల కోసం దోచాడట. పేదవాడి ఫోన్నే దోచినట్టు కదూ అది!

టికెట్టు కొనలేకే చూశామంటారు. ఆ మాటలో మాత్రం నిజముంది. 2021లో ఒక ప్రభుత్వం జీవో 35 తెచ్చి పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో నేల టికెట్టు అయిదు రూపాయలంది. 2025 సెప్టెంబరులో ఇంకో ప్రభుత్వం ‘ఓజీ’ సినిమా ప్రీమియరుకి వెయ్యి రూపాయలు తీసుకోమని జీవో ఇచ్చింది. అయిదుకీ వెయ్యికీ నడుమ చేపల చెరువు పనికెళ్లే మనిషి పెళ్లాం పిల్లలతో కొనగలిగే ధర ఒకటుంటుందని ఇద్దరికీ తట్టలేదు.

ఇక పరిశ్రమ పెద్దల కన్నీళ్ల సంగతి. వేలమంది కార్మికుల పొట్ట కొడుతున్నారన్నారు. అంతకు మూడు నెలల ముందే, ఆగస్టులో, ఆ కార్మికులే ముప్పై శాతం వేతనం పెంచమని సమ్మెకి దిగితే షూటింగులు ఆగిపోయాయి. అప్పుడెక్కడ దాచుకున్నారు ఈ కన్నీళ్లు? చెరువు మీద రాత్రి దొంగలు పడితే లీజుదారుడు కూలోళ్ల నోటికాడి కూడు పోయిందని గుండెలు బాదుకుంటాడు. మూడు పట్టుబళ్ల నుంచి కూలి బాకీ ఉన్నవాడు గట్టు మీద నిలబడి నవ్వుకుంటాడు.

చట్టం లోపల ఇంకో మెలిక ఉంది. 2012 సవరణ ప్రకారం పాట రాసినవాడూ, స్వరపరిచినవాడూ తమ రాయల్టీ హక్కును రాసిచ్చేయలేరు, వదులుకోలేరు. బాగుంది. కానీ సినిమా హాల్లో ఆ సినిమాతో పాటు ఆడిన పాటకి ఇది వర్తించదు. హాల్లో ఎన్ని కోట్లు వచ్చినా అందులో రాయల్టీ వాటా లేనివాణ్ణి, హాలు కలెక్షన్ పడిపోయిందని ఏడ్చేటప్పుడు మాత్రం ముందు నిలబెడతారు. 2023 చట్టంలో శిక్ష చూడండి: మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షలు మొదలుకొని సినిమా నిర్మాణ ఖర్చులో అయిదు శాతం దాకా జరిమానా. ఆ జరిమానా ఖజానాకి పోతుంది. రచయితకి ఎంత అని చట్టం ఎక్కడా అడగలేదు.

పైగా ఈ కత్తి ఎవరి మీద పడుతుందో తెలియదు. ఆ 2012 మేలోనే ఎన్టీఆర్ ‘దమ్ము’, తమిళ ‘3’ సినిమాల కోసం ఊరూపేరూ లేని ప్రతివాదుల మీద మద్రాసు హైకోర్టు నుంచి తెచ్చిన ఉత్తర్వు పట్టుకుని నెట్ కంపెనీలు విమియో, డైలీమోషన్ లాంటి సైట్లనే మూసేశాయి. తన సొంత షార్ట్ ఫిలిం అక్కడ పెట్టుకున్న కుర్రాడు ఏం పాపం చేశాడు? ఫలానా లింకు వరకే మూయాలని కోర్టు జూన్‌లో చెప్పాల్సి వచ్చింది. నెట్ కట్టేయడం ఎలా ఉంటుందో గోదావరి వాళ్లకి ఎవరూ వర్ణించక్కర్లేదు. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమంతా రోజుల తరబడి ఇంటర్నెట్ లేకుండా గడిపింది. మూత వేయడానికి అలవాటుపడిన చెయ్యి ఒక్క సినిమా దొంగ దగ్గరే ఆగుతుందని నమ్మమంటారా?

అసలు దొంగతనం ఎక్కడ మొదలవుతుందో కూడా మనకు తెలుసు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సగానికి పైగా విడుదలకి ముందే బయటికొచ్చింది. తీసిన త్రివిక్రమ్ మా పక్కూరు భీమవరం వాడు. సీడీలు అమ్మింది మా వైపు నుంచి రైల్లో వెళ్తే గుడివాడ దాటాక వచ్చే పెడనలో. ఏ విదేశీ హ్యాకరూ కాదు, సినిమాకి పనిచేసిన మనిషి చేతుల మీదుగానే అది జారిందని పోలీసులు తేల్చారు. జనం మాత్రం హాళ్లకి పరిగెత్తి మగధీర రికార్డు దాటించారు. అన్ని సినిమాలకీ ఆ అదృష్టం ఉండదు, చిన్న సినిమా అలా జారితే లేవదు. అందుకే దొంగని పట్టుకోవద్దని నేననను.

ఫిలిం ఛాంబరుకి యాంటీ పైరసీ సెల్ ఉంది. దాని పక్కనే ఇంకో బల్ల వేయండి. గత పదేళ్ల సినిమాల ఒప్పందాలు తీసి, యూట్యూబ్ నుంచీ ఓటీటీ నుంచీ ఏ పాటకి ఎంత వచ్చింది, రాసినవాడికీ పాడినవాడికీ ఎంత చేరింది అని ఆ బల్ల మీద పరచండి. మూయించిన ప్రతి లింకు పేరూ, అడిగినవాడి పేరూ జనం చూసేచోట పెట్టండి. అవయ్యాక వచ్చి మా ఫోన్లు చూద్దురుగాని.