రేవు బండి

పాఠం చెబుతుండగా 'రేవు' అన్న మాట వస్తే నాకు కలకత్తా ట్రామే గుర్తుకొస్తుంది. అక్కడ మొట్టమొదటి ట్రామును 1873 ఫిబ్రవరి 24న గుర్రాలు లాగాయి, సియాల్దా నుంచి హుగ్లీ ఒడ్డున ఆర్మీనియన్ ఘాట్ దాకా. రేవుకే ఎందుకంటారా? అప్పటికి వంతెన లేదు. హౌరాలో రైలెక్కాలంటే ముందు పడవెక్కవలసిందే. ఎక్కేవారు చాలక ఆ ట్రాము నవంబరులోనే ఆగిపోయింది. 1880లో మళ్ళీ అదే రేవుకు వచ్చింది.

ఈలోగా 1874లో పడవల వంతెన పడింది. 1943లో కొత్త హౌరా వంతెన మీద మొదట నడిచిన బండి ట్రామే! ఇక రేవుకు కాలం చెల్లిందనుకుంటాం. కాని 1993లో వంతెనకు బరువవుతోందని ట్రామునే తప్పించారు. హౌరాకూ అవతలి రేవులకూ మధ్య లాంచీలు మాత్రం నేటికీ తిరుగుతున్నాయి. కొత్త వంతెన పడగానే పాత రేవెందుకనేవారు ఒకసారి ఆ లాంచీ ఎక్కి చూడాలి, మరి!