ఆ గిటార్ ముక్క ఎవరిది?

ముందే ఒక మాట. పదో తరగతి దాకా నాకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో సంస్కృతం, అది కూడా మార్కుల కోసమే. కాబట్టి వత్తులూ దీర్ఘాలూ తప్పితే మా ఎడిటర్ అక్క దిద్దుతుందన్న ధైర్యంతో రాస్తున్నా. పోయిన సంచికలో అందరూ అమ్మ గురించీ వాన గురించీ రాశారు. నేను ఒక ఇంగ్లండ్ బ్యాండ్ గురించి రాస్తా. తిట్టుకోకండి.

బ్యాండ్ పేరు ద పోలీస్. హాస్టల్లో "పోలీస్ వింటున్నా" అంటే పక్క రూము అన్న "సాయికుమార్ డైలాగులా రా?" అంటూ వచ్చి కూర్చున్నాడు. రెండు పాటలయ్యాక "డైలాగులే నయం" అని వెళ్ళిపోయాడు. ఆయన్నేమీ అనను. నాకూ మొదటిసారి విన్నప్పుడు ఏదో సగం ఖాళీగా అనిపించింది. డ్రమ్ములు ఎక్కడ పడాలో అక్కడ పడటం లేదు. గిటార్ మధ్యలో ఒక్క ముక్క వాయించి ఊరుకుంటుంది. ఆ ఖాళీయే అసలు సంగతి అని తెలియడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

రెగే అనేది జమైకా సంగీతం. అందులో వన్ డ్రాప్ అని ఒక పద్ధతి ఉంది. నాలుగు లెక్కపెడితే ఒకటి మీద పడాల్సిన పెద్ద దెబ్బ పడదు, మూడు మీద పడుతుంది. అలవాటు లేని చెవికి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉంటుంది. 1977 మొదట్లో లండన్‌లో పంక్ పిల్లలు చేరే రాక్సీ అనే క్లబ్బులో డాన్ లెట్స్ అనే డీజే ఉండేవాడు. పంక్ రికార్డులు అప్పటికి ఇంకా సరిగ్గా రాలేదు కాబట్టి బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య రెగే రికార్డులు వేసేవాడు. తెల్ల కుర్రాళ్ళ చెవుల్లోకి రెగే ఎక్కిన దారుల్లో అదొకటి.

పోలీస్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆ ఊళ్ళోనే. డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్లండ్ అమెరికావాడు, కానీ పెరిగింది కైరోలో, బేరూత్‌లో. అరబ్ తాళాల్లో కూడా మూడో దెబ్బ మీద బరువు ఉంటుందనీ, రెగే వినగానే అందుకే కొత్తగా అనిపించలేదనీ చెప్పుకున్నాడు. బేస్ వాయిస్తూ పాడే స్టింగ్ అంతకుముందు బడిపంతులు, రాత్రుళ్ళు జాజ్ వాయించేవాడు. గిటార్ ఆండీ సమ్మర్స్ మిగతా ఇద్దరికన్నా తొమ్మిది పదేళ్ళు పెద్ద, అప్పటికే చాలా బ్యాండ్లు తిరిగొచ్చిన మనిషి. ముగ్గురిలో ఒక్కడు కూడా నిజమైన పంక్ కాదు. ఒక చూయింగ్ గమ్ యాడ్ కోసం జుట్టుకి తెల్లరంగు వేయించుకున్నారు, అదే తర్వాత వాళ్ళ గుర్తు అయిపోయింది. మన ఫెస్టులో స్పాన్సర్ టీషర్ట్ వేసుకుని స్టేజ్ ఎక్కడం లాంటిదే అనుకోండి.

1978 అక్టోబర్‌లో కంపెనీ సాయం పెద్దగా లేకుండా, చవక విమానం టికెట్ కొనుక్కుని, వాయిద్యాలు లగేజీగా వేసుకుని అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే ఇరుకు క్లబ్బులో మొదలుపెట్టి ఒక వ్యాన్‌లో ఊరూరా తిరిగారు. పుకీప్సీ అనే ఊళ్ళో హాల్లో జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అయినా షో ఆపలేదు. స్టింగ్ స్టేజ్ మీంచి వచ్చినవాళ్ళని ఒకరికొకరిని పరిచయం చేశాడట. మొన్న మన ఓపెన్ మైక్‌కి పదకొండు మంది వచ్చారని మనం ఏడ్చాం కదా, అందుకని చెప్తున్నా.

ఆ టూర్‌లో ఇంకో ఇబ్బంది. రాత్రికి రెండు సెట్లు వాయించాలి, వాళ్ళ దగ్గర అన్ని పాటలు లేవు. అందుకని ఉన్న పాటలనే సాగదీశారు. మధ్యలో మాటలు ఆపేసి, బేస్ ఒక్కటీ నడుస్తుంటే డ్రమ్ములు దాని చుట్టూ తిరిగేవి, గిటార్ ఎకోలో తేలేది. ప్రేక్షకుల చేత ఊళలు వేయించేవాళ్ళు. "కాంట్ స్టాండ్ లూజింగ్ యూ" అనే పాట మధ్యలో ఇలా సాగదీసిన భాగమే తర్వాత విడిగా "రెగటా ద బ్లాంక్" అనే వాయిద్యం ముక్క అయింది. 1979లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి అదే పేరు. తెల్లోళ్ళ రెగే అని అర్థం వచ్చేలా వంకరగా పెట్టుకున్న ఫ్రెంచ్ పేరు. దానికి గ్రామీ కూడా వచ్చింది. ఆ ముక్కకి రచయితలుగా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

బొంబాయి కూడా వచ్చారు! 1980 మార్చిలో రంగ్ భవన్ ఓపెన్ ఎయిర్‌లో వాయించారు. పిలిచింది పెద్ద ఈవెంట్ కంపెనీ కాదు, టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ అనే ఆడవాళ్ళ సంస్థ, విరాళాల కోసం. చీరలు కట్టుకున్న పెద్దావిడలు ఇంగ్లండ్ రాక్ బ్యాండ్‌కి షో పెట్టించారు. మన క్లబ్ బడ్జెట్ మీటింగుల్లో ఈ విషయం రెండుసార్లు చెప్పా, ఎవరూ పట్టించుకోలేదు.

లైవ్ అంటే ఏమిటో వినాలంటే 1995లో వచ్చిన వాళ్ళ డబుల్ ఆల్బమ్ ఉంది. ఒక డిస్క్ 1979 బోస్టన్, రెండోది 1983 అట్లాంటా. అట్లాంటాలో అంతా శుభ్రంగా ఉంటుంది, వెనక ముగ్గురు అమ్మాయిలు కోరస్ కూడా పాడతారు. బోస్టన్‌లో ముగ్గురే. వేగం ఎక్కువ, తప్పులున్నాయి, కోప్లండ్ పరిగెడుతుంటే స్టింగ్ పట్టుకోవాలని చూస్తుంటాడు. నాకు బోస్టనే కావాలి. అక్కడ పాట రాసినవాడు ఒక్కడే పాటని నడపటం లేదు. ఏ క్షణంలో ఎవరు లాగుతారో వాళ్ళకే తెలీదు.

ఇప్పుడు గొడవలోకి వద్దాం. 1983లో "ఎవ్రీ బ్రెత్ యూ టేక్" వచ్చింది. అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. స్టింగ్ తెచ్చిన డెమోలో ఉన్నది ఆర్గన్. మాంట్సెరాట్ దీవి స్టూడియోలో ఆ పాట ఎలా చెయ్యాలో తెలీక స్టింగూ కోప్లండూ కొట్టుకుంటుంటే, నీకు తోచింది చెయ్యి అని సమ్మర్స్‌ని లోపలికి పంపారు. ఆయన బార్టోక్ సంగీతం ప్రభావంతో అంతకుముందు చేసుకున్న వేళ్ళ అల్లికని ఈ పాట మీద పెట్టి ఒక్క టేక్‌లో వాయించేశాడు. మీరు ఇంగ్లీష్ పాటలు వినకపోయినా ఆ గిటార్ ముక్క ఏదో రీల్‌లో వినే ఉంటారు. రికార్డు మీద రచయిత: స్టింగ్. ఒక్కడే.

1997లో పఫ్ డాడీ ఆ గిటార్‌నే తీసుకుని ఇంకో పాట చేస్తే అది కూడా ప్రపంచమంతా హిట్ అయింది. వినపడేది సమ్మర్స్ వేళ్ళు. రచయిత హక్కు డబ్బు స్టింగ్‌కి. చివరికి 2025లో సమ్మర్స్, కోప్లండ్ ఇద్దరూ రాయల్టీల మీద లండన్ హైకోర్టుకి వెళ్ళారు. అప్పటికి సమ్మర్స్‌కి ఎనభై దాటాయి.

మా రూములో ఇది పెద్ద డిబేట్. "మాటలూ ట్యూనూ రాసినోడిదే పాట, మిగతాది అరేంజ్‌మెంట్" అని ఒక పార్టీ. చట్టం కూడా దాదాపు వాళ్ళ వైపే. ఇది మనకీ కొత్త కాదు. 2017లో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజాగారు లీగల్ నోటీస్ పంపారు. అప్పుడు మా నాన్న బాలుగారి వైపు, మా బాబాయి రాజాగారి వైపు. సంక్రాంతికి కలిసినప్పుడు కూడా తెగలేదు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది.

కానీ పోలీస్ విషయంలో నాకు అనుమానం లేదు. మేం కోడ్ రాసేటప్పుడు గిట్ వాడతాం. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో బ్లేమ్ అని కొడితే తెలిసిపోతుంది. పాటకి అలాంటిది లేదు. స్టూడియో నుంచి బయటికి వచ్చేసరికి అన్నీ కలిసిపోయి ఒక పేరు మీద రిజిస్టర్ అవుతాయి. పోలీస్‌కి మాత్రం ఒక లాగ్ ఉంది, అదే వాళ్ళ లైవ్ షోలు. స్టింగ్ తర్వాత ఒంటరిగా, గొప్ప గొప్ప వాయిద్యకారులతో ఇవే పాటలు పాడాడు. బాగా పాడాడు. కానీ ఆ తొట్రుపాటు లేదు, మెట్టు లేనట్టు అనిపించే ఆ క్షణం లేదు. తీసేస్తే తెలిసిపోయేదాన్ని ఉత్త అరేంజ్‌మెంట్ అని ఎలా అంటాం?

ఇంత గట్టిగా వాదించాక మా అన్న (పైన డైలాగులన్న) ఒక్క ప్రశ్న వేశాడు. "సరే రా, గిటార్‌కి పేరు వెయ్యాలి. మరి ఆ మూడో దెబ్బ ఎవరిది?" నాకు నోరు పడిపోయింది. వన్ డ్రాప్‌ని ప్రపంచానికి వినిపించినవాళ్ళలో ముందుండేది బాబ్ మార్లే వెయిలర్స్ డ్రమ్మర్ కార్ల్టన్ బ్యారెట్. బేస్ ఆయన అన్న ఆస్టన్. ఆస్టన్ తమకి రావాల్సిన రాయల్టీలు రాలేదని 2006లో లండన్ కోర్టుకి వెళ్ళి ఓడిపోయాడు. సొంత బ్యాండ్ పాటల డబ్బే రాలేదు, ఇక ఆ తాళం అరువు తెచ్చుకున్న పోలీస్ నుంచి ఏం వస్తుంది? తాళానికి కాపీరైట్ ఉండదు. ఉంటే ఎవరూ ఏమీ వాయించలేరు, అదీ నిజమే. కనీసం ఆల్బమ్ పేరులోనే ఇది తెల్లోళ్ళ రెగే అని ఒప్పుకున్నారు కదా అన్నా. "పేరులో ఒప్పుకుంటే సరిపోద్దా" అన్నాడు. సరిపోదేమో. అయితే సమ్మర్స్ కోసం వాదించే నోటితో బ్యారెట్ పేరు కూడా చెప్పాలి, అంతవరకు నేను మారాను.

మిగతా కథ త్వరగా చెప్పేస్తా. 1983 ఆగస్టు 18న న్యూయార్క్ షే స్టేడియంలో డెబ్భై వేల మంది ముందు వాయించారు. దీని పైన ఇంకేం లేదు, ఇక ఆపేద్దాం అని తనకి అక్కడే అనిపించిందని స్టింగ్ తర్వాత చెప్పాడు. 1986 జూన్‌లో ఆమ్నెస్టీ కోసం చేసిన ఆఖరి షోలో పాట మధ్యలో తమ వాయిద్యాలు యూటూ బ్యాండ్ చేతికి ఇచ్చి దిగిపోయారు. అదే ఏడాది మళ్ళీ ఆల్బమ్ చేద్దామని స్టూడియోకి చేరితే, కోప్లండ్ గుర్రం మీంచి పడి మెడ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. డ్రమ్ములు కంప్యూటర్‌లో చెయ్యాలి. ఏ కంప్యూటర్‌లో? కోప్లండ్‌కి ఫెయిర్‌లైట్ కావాలి, స్టింగ్‌కి సింక్లావియర్ కావాలి. ఈ గొడవతోనే పని ఆగింది, ఒక పాత పాట కొత్త రూపం మాత్రం బయటికొచ్చింది. సీఎస్ఈ వాళ్ళకి ఇది చెప్తే ఎవరూ నవ్వరు. మా మినీ ప్రాజెక్ట్ టీమ్ డార్క్ థీమ్ మీద విడిపోయింది.

2007లో మళ్ళీ కలిశారు. వాంకూవర్‌లో మొదలుపెట్టి 2008 ఆగస్టు దాకా ప్రపంచం తిరిగారు, ముప్ఫై కోట్ల డాలర్లకి పైగా వసూలు. అందులో నాకు నచ్చింది రెండో షో. అది అయ్యాక కోప్లండ్ ఇంటికెళ్ళి తన సైట్‌లో తమ షోని తామే ఎంత చెడగొట్టుకున్నారో రాసి పెట్టాడు: ఎవరు ఎక్కడ తప్పారు, స్టింగ్ గెంతు ఎలా తేలిపోయింది, అన్నీ. ఆ పోస్ట్ చదివాకే నేను ఈ వ్యాసం మొదలుపెట్టా.

ఎందుకంటే ఒకటి నేను కూడా రాయాలి. పోయిన ఫెస్ట్‌లో మేం ముగ్గురం ఒక పాట వాయించాం. మాటలూ ట్యూనూ నావి. మొదట్లో, మళ్ళీ చివర్లో వచ్చే గిటార్ నా రూమ్మేట్‌ది. టెర్రస్ మీద రెండు రాత్రులు కూర్చుని చేశాడు. వీడియో పెట్టినప్పుడు కింద "రచన, సంగీతం" అని నా పేరు ఒక్కటే రాశా. కావాలని కాదు, కానీ రాసేటప్పుడు ఒక సెకను ఆగా, అది గుర్తుంది. కామెంట్లలో సగం ఆ గిటార్ గురించే. నేను అన్నిటికీ థ్యాంక్యూ పెట్టా. వాడు చూసి "బాగుంది మామా" అన్నాడు. అంతే. తర్వాత నుంచి టెర్రస్‌కి రమ్మంటే అసైన్‌మెంట్ ఉందంటాడు.

మొన్న డిస్క్రిప్షన్ మార్చా. సంగీతం దగ్గర వాడి పేరు ముందు, నాది తర్వాత, కహోన్ వాయించిన జూనియర్‌ది కూడా. ఐదు నెలలు లేటు, వీడియో చూసేవాళ్ళు చూసేశారు. ఈ వ్యాసం కూడా ఎడిటర్ అక్కకి పంపే ముందు వాడికే ఇచ్చా. మంచం మీద పడుకుని ఫోన్‌లో చివరిదాకా చదివాడు.

"బార్టోక్ స్పెల్లింగ్ ఒకసారి చూస్కో" అన్నాడు.

చూశా, కరెక్టే ఉంది. గిటార్ ఇంకా బీరువా మీదే ఉంది.