నలభై ఆరేళ్ల డాక్టరు... మే నెలలో వెయ్యి!

నలభై ఆరేళ్లంటే క్రికెటర్లు ఏ కామెంటరీ బాక్సులోనో కుదురుకునే వయసు. డబ్ల్యూజీ గ్రేస్ మాత్రం సరిగ్గా ఆ వయసులోనే చెలరేగిపోయాడు. భారీకాయం, గుండెల మీదికి దిగిన గడ్డం, పేరు ముందు డాక్టరు!

1895 మే 9న లార్డ్స్‌లో మొదలైంది ఆయన జోరు. ఎంసీసీ తరఫున ససెక్స్‌పై 103 కొట్టాడు. (ససెక్స్‌కి అదే తొలి మ్యాచ్‌గా ఆడిన మన రంజీ కూడా 77 నాటౌట్, 150 చేశాడు. చూసినవాళ్లది అదృష్టమంటే!) వారం తిరక్కుండానే బ్రిస్టల్‌లో సోమర్‌సెట్‌పై 288. అది గ్రేస్‌కి వందో సెంచరీ. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ అక్కడిదాకా వెళ్లలేదు. గ్రేవ్‌సెండ్‌లో కెంట్‌పై 257, 73 నాటౌట్. ఆ మ్యాచ్‌లో మొదటి బంతి నుంచి చివరి బంతిదాకా ఆయన మైదానంలోనే ఉన్నాడు. 30న మళ్లీ లార్డ్స్‌లో 169. మొత్తం పది ఇన్నింగ్స్‌లో 1,016 పరుగులు. మే నెలలోనే వెయ్యి దాటిన మొదటి ఆటగాడు ఆయనే.

ఇంగ్లండ్ మురిసిపోయింది. ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రిక తలా ఒక షిల్లింగ్ ఇమ్మని పాఠకుల్ని కోరితే 5 వేల పౌండ్లకు పైగా పోగయ్యాయి. లెక్కగడితే లక్ష షిల్లింగుల పైమాటే! తమాషా ఏమిటంటే, కాగితం మీద గ్రేస్ ‘అమెచ్యూర్’. అంటే డబ్బు కోసం కాక సరదాకి ఆడే పెద్దమనిషన్నమాట. కూలికి ఆడేవాళ్లు ‘ప్రొఫెషనల్స్’. ఒకే జట్టులో ఆడినా చాలా మైదానాల్లో వీళ్లకి డ్రెస్సింగ్ రూమ్ వేరు, మైదానంలోకి వచ్చే గేటూ వేరే.

అదే 1895 సీజన్లో సర్రే ఫాస్ట్ బౌలర్ టామ్ రిచర్డ్‌సన్ 290 వికెట్లు తీశాడు. మండువేసవిలో రోజంతా పరుగెత్తి బంతులేసే ఆ శ్రమ ముందు వెయ్యి పరుగులూ చిన్నబోతాయి. ఆయన ప్రొఫెషనల్. మరుసటి ఏడాది, అంటే 1896లో, ఓవల్ టెస్టుకి పది పౌండ్లు చాలవు, ఇరవై ఇమ్మని అయిదుగురు ప్రొఫెషనల్స్ అడిగారు. వాళ్లలో రిచర్డ్‌సన్ ఒకడు. పెద్దలు ససేమిరా అన్నారు. రిచర్డ్‌సన్, ఏబెల్, హేవర్డ్ వెనక్కి తగ్గి ఆడారు. గన్, లోమన్ ఆడలేదు. లోమన్‌కి ఇంగ్లండ్ తరఫున మరో టెస్టు ఆడే అవకాశమే రాలేదు.

ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 66 పరుగులతో గెలిచింది. కెప్టెన్ గ్రేసే.